మిక్సీకి చెల్లెలు

మీ ఇంట్లో డ్రిల్లు ఉందా?

"ఉండకేం! మావారు గోడకి గడియారం తగిలించాలని పక్కింటివాళ్ళది తెచ్చారు. తిరిగి ఇవ్వడం మర్చిపోయారు" అంటారేమో. నేనడిగేది ఆ డ్రిల్లు గురించి కాదు. వేళ్ళ మధ్య కలంలా పట్టుకుని, ఆవగింజ దూరేంత రంధ్రం, కావాలంటే సూదిమొన దూరేంత రంధ్రం చేసే బుల్లి డ్రిల్లు గురించి.

ఏడాది క్రితం దాకా అలాంటిదొకటి ఉందని నాకూ తెలీదు. తెలిసే అవకాశమూ లేదు. తెలుగులో ఎమ్మే చదివి, పదకొండు నవలలు రాసి, ఒక్క నవలలోనైనా కథానాయకుడి చేతికి గులాబీపువ్వు తప్ప ఒక పనిముట్టు ఇచ్చిన పాపాన పోలేదు నేను. మావారి సంగతి చెప్పనే అక్కర్లేదు. బల్బు మార్చాలన్నా ఆయన ముందు ఎలక్ట్రీషియన్ నెంబరు వెతుక్కుంటారు. అలాంటి ఇంట్లో ఈవేళ అరమిల్లీమీటరు బిట్టులు, కాలెట్లు, కార్బన్ బ్రష్షులు పోపులపెట్టెలో దినుసుల్లా వేటి గదిలో అవి సర్దుకుని ఉన్నాయంటే, దానికి కారణం మా నాన్నగారు.

నాన్నగారు విశాఖపట్నం షిప్ యార్డులో డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి ఇరవై ఏళ్ళ క్రితం రిటైరయ్యారు. ఆయనకంటే ముందు మా తాతయ్య అదే యార్డులో వడ్రంగి. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ ఆ యార్డుకి శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయిందని తాతయ్య చెప్తూ ఉండేవారు. అన్ని తిప్పలూ పడి సింధియా కంపెనీవారు ఆ యార్డులో ఒక ఓడ కట్టారు. పేరు 'జల ఉష'. ఎనిమిదివేల టన్నుల ఓడ. 1948 మార్చి 14న నెహ్రూగారు స్వయంగా వచ్చి దాన్ని నీళ్ళలోకి దింపారు. స్వతంత్రభారతంలో నీళ్ళలోకి దిగిన తొలి పెద్ద ఓడ అదే. దాని గదుల్లో కొయ్యపని చేసిన చేతుల్లో మా తాతయ్య చేతులు రెండు. ఆ రోజు జనంలో నాయనమ్మ చంకన తనూ ఉన్నానని నాన్నగారు ఇప్పటికీ చెప్తారు. అప్పటికాయన వయసు ఏడాది. ఏం చూశారో, ఏం గుర్తుందో మేమెవరం అడగలేదు.

ఆ 'జల ఉష'ని చిన్న నమూనాగా చెయ్యాలన్నది నాన్నగారి చిరకాల కోరిక. ఉద్యోగంలో ఉన్నప్పుడు తీరిక లేదు. రిటైరయ్యాక అమ్మ ఆరోగ్యం సరిగ్గా లేదు. రెండేళ్ళ క్రితం అమ్మ పోయింది. ఆయన్ని నేను సీతమ్మధారలో మా ఇంటికి తెచ్చుకున్నాను. కొన్ని నెలలు ఆయన పేపరు తిరగేస్తూ, అడిగినదానికి 'ఊ', 'ఆ' అంటూ గడిపారు. ఒకరోజు పొద్దున్నే ట్రంకుపెట్టెలోంచి పాత కాగితాలు తీసి నేలమీద పరిచారు. అన్నీ ఓడ బొమ్మలే. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మనిషి మళ్ళీ మనిషయ్యాడనుకున్నాను.

నమూనా అంటే దసరా బొమ్మలకొలువులో పెట్టే ఓడ కాదండోయ్. అంతా లెక్క ప్రకారం ఉండాలి. నాన్నగారు ఎంచుకున్నది రెండువందలో వంతు. అంటే అసలు ఓడలో రెండువందల అడుగులుంటే నమూనాలో ఒక్క అడుగు. ఓడ పక్కల గుండ్రటి కిటికీలుంటాయి చూశారూ, అవి అడుగు వెడల్పువి అనుకుంటే, నమూనాలో ఒకటిన్నర మిల్లీమీటరుకి వస్తాయి. ఆవగింజంత! డెక్కు చుట్టూ ఉండే కమ్మీలకి నిలువు తీగలు నిలబెట్టాలంటే అరమిల్లీమీటరు రంధ్రాలు. అన్నీ కలిపితే మూడువందల పైమాట. ఒక్కటి వరస తప్పితే చాలు, కొత్త చీరమీద పచ్చడి మరకలా ముందు కన్ను దానిమీదికే పోతుంది.

ఓడ శరీరం మెత్తటి కొయ్యతో చెక్కి, దానిమీద పల్చటి ప్లాస్టిక్ రేకు అంటించారు నాన్నగారు. చిత్రిక పట్టడం, నున్నగా రుద్దడం అన్నీ చక్కగా జరిగాయి. రంధ్రాల దగ్గరే వచ్చింది చిక్కు. ఆయన దగ్గరో చేతి బరమా ఉంది. పెన్సిలంత పొడుగు, మొనలో సన్నటి బిట్టు. అరచేతిలో దాని మాడు ఆనించి, రెండువేళ్ళతో నెమ్మదిగా తిప్పాలి. పదేళ్ళ క్రితమైతే ఆయనకి అదో లెక్కా? కానీ ఇప్పుడు ఆయన కుడిచెయ్యి వణుకుతుంది. కాఫీగ్లాసు పట్టుకుంటే తెలీదు, సంతకం పెడితే తెలుస్తుంది. మొదటి కిటికీ రంధ్రం తిప్పుతూండగానే బిట్టు పుటుక్కున విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది విరిగినప్పుడు ఆయన బరమా గూట్లో పెట్టేసి, పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

అది చూసి నేనూరుకుంటానా? కూతుర్ని కదా! పరిష్కారం నా చేతిలోనే ఉందనుకున్నాను.

ముందు ఇంట్లో ఉన్న గోడ డ్రిల్లు తెచ్చి ఇచ్చాను. నాన్నగారు దాన్ని చేతుల్లోకి తీసుకుని, "దీంతో ఓడకి కాదమ్మా, రేవుకి రంధ్రాలు పెట్టొచ్చు" అన్నారు. నిజమే. దాని బరువు రెండు కిలోలకి తక్కువుండదు. పైగా బిట్టుని పట్టుకునే దాని నోటిని, అదే, చక్ అంటారే, దాన్ని ఎంత బిగించినా అరమిల్లీమీటరు బిట్టు లోపల గలగలమని ఆడుతూనే ఉంది. రోకలితో కాటుక పెట్టుకున్నట్టు!

సరే, ఆన్‌లైన్‌లో వెతికాను. బుల్లి డ్రిల్లులు బోలెడు. మనకో నమ్మకం ఉంది కదా... అంకె పెద్దదైతే సరుకు మంచిదని. నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుందని రాసున్న దాన్ని, వంద ముక్కల పెట్టెతో సహా తెప్పించాను. ఊరూ పేరూ లేని సరుకు. పెట్టె చూస్తే మాత్రం నగలపెట్టెలా మెరిసిపోతోంది. "చూడండి నాన్నగారూ, మీరు చెయ్యి తిప్పక్కర్లేదు, అదే తిరుగుతుంది" అన్నాను గర్వంగా.

తిరిగింది. మాబాగా తిరిగింది! బిట్టు ఆనించగానే ప్లాస్టిక్ రేకు కోసుకోలేదు, కరిగింది. కరిగి, బిట్టుకి జీళ్ళపాకంలా చుట్టుకుంది. రంధ్రం ఉండాల్సినచోట గుంట, దాని చుట్టూ వడియంలా ఉబ్బిన అంచు. కంగారులో నాన్నగారి చెయ్యి జారింది. బిట్టు ఓడ పక్కమీద రెండంగుళాల గీత గీసి, ఆయన ఎడమచేతి చూపుడువేలు తాకింది.

గాయం చిన్నదే. నాలుగు చుక్కల రక్తం. నేను మాత్రం ఇల్లెగిరిపోయేలా కేకలేశాను. "ఈ వయసులో మీకెందుకు నాన్నగారూ ఇవన్నీ? హాయిగా టీవీ చూసుకోకూడదూ?" అని డ్రిల్లు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. చిన్నప్పుడు మా అబ్బాయి చేతిలోంచి కత్తెర లాక్కున్నట్టే!

నాన్నగారు నా మీద కోప్పడలేదు. వేలికి గుడ్డ చుట్టుకుంటూ, "చెయ్యి వణుకుతోంది గానీ కొలత మర్చిపోలేదమ్మా నేను" అన్నారు. అంతే. తర్వాత వారంరోజులు ఓడ మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆయన మళ్ళీ 'ఊ', 'ఆ'ల్లోకి వెళ్ళిపోయారు. బీరువా తాళంచెవి నా నడుముకి దోపుకున్నంతసేపూ బరువుగానే ఉంది. కానీ తీసి ఇవ్వడానికి భయం. మళ్ళీ వేలో, కన్నో...

సరిగ్గా ఆ వారంలోనే మా మిక్సీ మొరాయించింది. ఆగి ఆగి తిరగడం, కాలిన వాసన, అడుగున నీలం మెరుపులు. రిపేరు కుర్రాడొచ్చి విప్పాడు. మోటారు పక్కలనుంచి రెండు నల్లటి ముక్కలు తీసి నా అరచేతిలో పెట్టాడు. "కార్బన్లు అరిగిపోయాయాంటీ. మోటారుకేం కాలేదు" అన్నాడు. ('ఆంటీ' అన్నందుకు ఇరవై రూపాయలు తగ్గించి ఇద్దామనుకున్నాను గానీ, నిజం చెప్పాడు కదా అని ఊరుకున్నాను.) కొత్తవి వేస్తూ, "కుట్టుమిషను మోటారుకీ, చిన్న డ్రిల్లులకీ కూడా ఇవే ఉంటాయాంటీ, సైజులే తేడా" అన్నాడు.

అరిగిన ఆ ముక్కలు పట్టుకుని నేను తిన్నగా వరండాలోకి నడిచాను. "ఇదేమిటి నాన్నగారూ?" అన్నాను, ఏమీ తెలీనట్టు. నిజంగానే తెలీదులెండి.

ఆయన ముక్కని వెలుతురుకి పెట్టి చూశారు. కళ్ళల్లోకి కాస్త కాంతి వచ్చింది. "మోటారు మధ్యలో రాగి ముక్కలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. అది తిరిగేటప్పుడు దానికి కరెంటు అందించాలి. తిరిగేదానికి వైరు కట్టలేం కదా? అందుకని ఈ బొగ్గుముక్కని వెనకాల స్ప్రింగు పెట్టి దానికి ఆనిస్తారు. రాస్తూ రాస్తూ పెన్సిలు ములుకులా ఇదే అరుగుతుంది. రాగి అరక్కూడదని మెత్తటిదాన్ని పెట్టారన్నమాట" అన్నారు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

నేను మెల్లగా అడిగాను, "మరి ఆ డ్రిల్లు ఎందుకలా చేసింది?"

"నీ మిక్సీలో ఇడ్లీపిండి రుబ్బితే ఏమవుతుంది?"

"వేడెక్కుతుంది."

"ఆ ప్లాస్టిక్ నీళ్ళు మరిగే వేడికే మెత్తబడుతుందమ్మా. 30,000 చుట్లు తిరిగితే కరక్కేం చేస్తుంది? దీనికి వేగం అక్కర్లేదు. ఎంత నెమ్మదిగా తిరగగలదో చూసుకుని కొనాలి. నువ్వు కొన్నదాన్ని ఎంత తగ్గించినా పదివేలకి దిగదు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా. ముచ్చటపడి తెచ్చావు" అన్నారు.

నా మొహం ఎలా ఉండుంటుందో మీరే ఊహించుకోండి. ఆ సాయంత్రమే తాళంచెవి బల్లమీద పెట్టేశాను. మర్నాడు ఇద్దరం కురుపాం మార్కెట్‌కి బయల్దేరాం. నగలు కొనడానికి కాదు, నగలు చేసేవాళ్ళు ఏం వాడతారో చూడ్డానికి. ఆ ఆలోచన నాన్నగారిదే. "సన్నపనికి డ్రిల్లు కావాలంటే ఇనపకొట్టువాణ్ణి కాదు, కంసాలిని అడగాలి" అన్నారు.

అమ్మకి తెలిసిన ఆచారిగారి కొట్టులోకి వెళ్ళాం. ఆయన కూర్చున్నచోట ఒక కొక్కేనికి మోటారు వేలాడుతోంది. దాన్నుంచి వంగే గొట్టం ఒకటి కిందికి దిగింది, చివర పెన్ను లాంటి పిడి. కాలికింద కుట్టుమిషనుకి ఉన్నట్టే పెడల్. మోటారు బరువంతా కొక్కెం మోస్తుంది, చేతికి పిడి బరువు తప్ప తెలీదు. కాలు కాస్త నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే జోరుగా. వేగం సున్నా దగ్గర్నుంచి మొదలవుతుంది. నాన్నగారు ఆ పిడి పట్టుకున్న తీరు చూసి ఆచారిగారు ఏం అడగకుండానే, "బాబూ, మణికట్టు బల్లకి ఆనించండి. నా చెయ్యి మాత్రం వణకదంటారా? యాభై ఏళ్ళ పని! బల్ల పట్టుకుంటుంది నా చేతిని" అన్నారు.

ఆ పూట ఆ ఇద్దరు పెద్దవాళ్ళూ మాట్లాడుకున్నది నేను లోపల్లోపల రాసుకున్నాను. మీకూ పనికొస్తుంది, వినండి. మీ పిల్లాడో, మీవారో రేపు విమానం బొమ్మో, రైలు నమూనానో మొదలుపెట్టకపోరు.

ఒకటి, ఎంత జోరుగా అన్నది కాదు, ఎంత నెమ్మదిగా తిరుగుతుందన్నది అడగండి. రెండు, కొట్లోనే బిట్టు పెట్టించి తిప్పించి మొన చూడండి. నిలకడగా ఒక్క చుక్కలా కనిపించాలి. పొగలా వెడల్పుగా కనిపిస్తే బిట్టు తల ఊపుతోందన్నమాట. ఆవగింజ రంధ్రం కాస్తా శనగగింజంత అవుతుంది. మూడు, బిట్టుని పట్టుకునే కాలెట్ అనే ఇత్తడి ముక్క కొలతకి సరిపోవాలి. 3.2 మిల్లీమీటర్లది, 2.4ది, 1.6ది, 0.8ది... రకరకాలుంటాయి. బిట్టు వెనకభాగం ఎంత లావో అంత కాలెట్టే వెయ్యాలి. నాలుగు, అన్నిటికంటే ముఖ్యం, దాని కార్బన్లు విడిగా దొరుకుతాయా అని కొనకముందే అడగండి. దొరకవంటే ఆ సరుకు ఎంత మెరుస్తున్నా దణ్ణం పెట్టి లేచి రండి.

బ్యాటరీతో నడిచేవి? అవీ మంచివేనట. వైరు అడ్డం రాదు. కానీ బ్యాటరీ బరువు పిడిలోనే ఉంటుంది. వణికే చేతికి ఆ బరువు పనికిరాదు. ఎవరి చేతికి ఏది నప్పుతుందో వాళ్ళ చెయ్యి చూసి కొనాలి తప్ప పెట్టెమీద అంకె చూసి కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. గాజులు కొనేటప్పుడు ఈ సంగతి మనందరికీ తెలుసు. డ్రిల్లు దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

తర్వాత కుతూహలం కొద్దీ ఈ డ్రిల్లుల పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివాను. చేత్తో పట్టుకెళ్ళగల తొలి ఎలక్ట్రిక్ డ్రిల్లు 1895లో జర్మనీలో, స్టట్‌గార్ట్ నగరంలోని ఫైన్ అనే సంస్థ చేసిందట. బుల్లిదాని సంగతికొస్తే, అమెరికాలో ఆల్బర్ట్ డ్రెమెల్ అనే ఆయన గడ్డం గీసుకునే బ్లేడులకి పదునుపెట్టే యంత్రం ముందు తయారుచేసి, 1935లో చేతిలో ఇమిడే మోటారు పనిముట్టు ఒకటి తీసుకొచ్చాడు. దాని వంశమే ఇప్పటికీ నమూనాలు చేసేవాళ్ళ బల్లల మీద తిరుగుతోంది.

ఆచారిగారు చెప్పిన కొట్లోనే వేలాడే మోటారు, పెడల్, పిడిని నిలువుగా పట్టి ఉంచే చిన్న ఇనపస్టాండు కొన్నాం. ఇంటికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది సమస్య. ఎత్తు సరిపోయే బల్ల ఇంట్లో ఒక్కటే ఉంది... అమ్మ కుట్టుమిషను బల్ల. అది ఉషా మిషను. "మనింట్లో ఒక ఉష మీద ఇంకో ఉషని కడుతున్నాం" అన్నారు నాన్నగారు. అని, అటు తిరిగి ఏదో వెతుక్కున్నారు. నేనూ ఇటు తిరిగి ఏదో సర్దాను. మిషను తలని లోపలికి మడిచి, పైన పలక మూసి, కిటికీ ఊచకి మోటారు వేలాడదీశాం.

ఈసారి పని వేరేగా జరిగింది. పాడైన ప్లాస్టిక్ రేకు మొత్తం పీకేశారు నాన్నగారు. "ఓడకి అంటించాక రంధ్రాలు పెట్టబోవడమే నా తప్పు. ముందు రంధ్రాలు, తర్వాత అంటించడం" అన్నారు. కొత్త రేకు బల్లమీద పరిచి, కిటికీల వరస గీత గీసి, ఒక్కో చోట సూదితో చిన్న చుక్క పొడిచారు. ఆ చుక్క లేకపోతే బిట్టు మొన జారి ఇష్టమొచ్చినచోట దిగుతుంది. ముందు అరమిల్లీమీటరు, తర్వాత ఒకటి, ఆఖరికి ఒకటిన్నర... మూడు విడతల్లో. అదీ ఒకే బిగిన కాదు. కోడిపిల్ల నూకలు తిన్నట్టు, దించడం, ఎత్తడం, దించడం, ఎత్తడం. ఎత్తినప్పుడల్లా పొట్టు బయటికొస్తుంది, బిట్టు చల్లబడుతుంది. స్టాండు ఉంది కాబట్టి చేతికి పని మీట వంచడమే. చెయ్యి వణికినా మొన వణకదు.

మొదటి రంధ్రం పడ్డాక ఆయన రేకుని కిటికీకి ఎదురుగా పెట్టి చూశారు. నాకూ చూపించారు. ఆవగింజంత వెలుతురు, అంచు చెదరకుండా గుండ్రంగా. నేను పదకొండు నవలలు అచ్చులో చూసుకున్నాను గానీ, అంత సంతోషం ఎప్పుడు పడ్డానో గుర్తులేదు.

ఇక దాన్ని చూసుకోవడం. కొనడానికి ఒకరోజు చాలు గానీ చూసుకోవడం రోజూ ఉంటుంది, సంసారంలాగే. ఆ బాధ్యత నాన్నగారు నాకప్పజెప్పారు. "నీకు మిక్సీ తెలుసు కదా, ఇది దాని చెల్లెలనుకో" అన్నారు.

పనయ్యాక మెత్తటి కుంచెతో మోటారు గాలిరంధ్రాల్లోని దుమ్ము దులుపుతాను. కొయ్యపొడి అక్కడ పేరుకుంటే గాలాడక మోటారు ఉడుకుతుంది. నెమ్మదిగా తిప్పుతూ గట్టిగా అదిమినా ఉడుకుతుంది, ఎందుకంటే చల్లబరిచే పంకా కూడా ఆ మోటారుతోనే నెమ్మదిగా తిరుగుతుంది. అందుకని మధ్యమధ్య ఆపాలి. బిట్టు లేకుండా ఖాళీ కాలెట్ని ఎప్పుడూ బిగించకూడదు, దాని నోరు నొక్కుకుపోతుంది. వంగే గొట్టాన్ని మరీ మెలిపెట్టకూడదు. యాభై గంటల పనికోసారి లోపలి తీగని బయటికి తీసి తుడిచి, కొంచెం, అతి కొంచెం గ్రీజు రాయాలి. ఎక్కువైతే పిడిలోకి కారుతుంది. నేను మొదటిసారి తలకి నూనె పెట్టినంత ధారాళంగా పెట్టి చివాట్లు తిన్నాను.

కార్బన్లు అప్పుడప్పుడు విప్పి చూడాలి. సుమారు మూడు మిల్లీమీటర్లకి అరిగితే మార్చెయ్యాలి, రెండూ ఒక్కసారే. కొత్తవి వేశాక ముందు కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పి, అవి రాగిమీద సర్దుకున్నాకే పని మొదలెట్టాలి. కొత్తకోడలికి కాస్త సమయం ఇవ్వాలి కదా! లోపల సన్నటి నీలం మెరుపులు కనిపిస్తే భయపడక్కర్లేదు. పెద్దవై, వాసన వస్తే ఆపాలి.

బిట్టుల్లో రెండు జాతులు. స్టీలువి కాస్త వంగుతాయి, పొరపాటుని ఓర్చుకుంటాయి. కార్బైడ్‌వి మహా పదును, కానీ పక్కకి అణువంత ఒత్తినా విరిగిపోతాయి. అవి స్టాండులోకే, చేతిలోకి కాదు. మా విశాఖ ఉప్పుగాలికి స్టీలు బిట్టులు రెండు వానలకే తుప్పు పడతాయి. అందుకని కుట్టుమిషను నూనె తడిపిన గుడ్డతో తుడిచి, డబ్బాలో పెడుతున్నాను. కొత్త హాండ్‌బాగుల్లో, మందుసీసాల్లో 'తినరాదు' అని రాసిన పొట్లాలు వస్తాయి చూశారూ, చెమ్మ పీల్చేవి, అవి రెండు అందులో వేశాను. ఈ చిట్కా మాత్రం నాదే! నాన్నగారు మెచ్చుకున్నారు కూడా.

ఇంకో మాట. తిరిగే యంత్రం దగ్గరికి వెళ్ళేముందు పైట నడుముకి దోపండి, జడ ముడి వెయ్యండి, గాజులు పైకి తొయ్యండి. కళ్ళజోడు తప్పనిసరి. చేతికి గ్లవుజులు మాత్రం వద్దు, బిట్టు వాటిని పట్టి లాక్కుంటుంది. నేను తాళం వెయ్యాల్సింది బీరువాకి కాదు, ఈ నాలుగూ నాన్నగారితో కూర్చుని చూసుకోవాల్సింది. ఆయన ఎనభైకి దగ్గరపడ్డారు. నాకు భయం పోలేదు, పోదు కూడా. కానీ నా భయం తగ్గడం కోసం ఆయన చేతిలోంచి పని లాక్కోవడం ఎంత సులువో, దాన్ని ప్రేమ అనుకోవడం ఇంకా ఎంత సులువో ఆ వారంరోజుల్లో చూశాను.

కిటికీ రంధ్రాలన్నీ ఆయనే చేశారు. రేకు అంటించడమూ అయింది. డెక్కు మీద కమ్మీల రంధ్రాలు మాత్రం స్టాండుకి అందవు. చేతి బరమాతో తిప్పాల్సినవి. అవి నేను చేస్తున్నాను. నాన్నగారు పక్కన కూర్చుని సూదిచుక్కలు చూపిస్తారు, "నిటారుగా... ఇంకాస్త నిటారుగా..." అంటూ. ఇప్పటికి అరవై ఎనిమిది అయ్యాయి. అందులో ఒకటి వరసలోంచి వెంట్రుకవాసి పక్కకి పోయింది. పూడ్చి మళ్ళీ చేస్తానన్నాను. "ఉండనీవమ్మా. అసలు ఓడలో మాత్రం అన్నీ వరసలో ఉన్నాయా ఏం? అది మీ తాతయ్య చేసిందనుకుంటాలే" అన్నారు.

నిన్న మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. ఆ గదిలోంచి మోటారు చప్పుడు వినిపించింది. కాలు నొక్కినప్పుడు లేచి, వదిలినప్పుడు తగ్గి, మళ్ళీ లేచి... చిన్నప్పుడు బడినుంచి వచ్చేసరికి ఇంట్లో వినిపించిన చప్పుడు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. ఏమాలోచిస్తున్నానో ఏమో, "అమ్మా, కాఫీ కలపనా?" అని పిలిచేశాను.

చప్పుడు ఆగింది. ఒక్క నిమిషం ఏమీ వినిపించలేదు.

"కలుపమ్మా. పంచదార కొంచెమే" అన్నారు నాన్నగారు.

మళ్ళీ చప్పుడు మొదలైంది.